గడువు మీరిన ఆరు సీసాలు

ఆదోనిలో ఫార్మసిస్టుల శిక్షణ రెండో రోజున, తెర మీద సరస్వతీబాయి పనిచేసే ఆసుపత్రి పేరు ఎర్రరంగులో వెలిగింది. పాముకాటు ఇంజెక్షన్లు ఆరు గడువు మీరిపోయాయట. మందుల సరఫరా విధానం మీద రెండు రోజులుగా గొంతు చించుకుంటున్న శిక్షకుడు ఆ సంగతిని హత్యానేరంలా చదివాడు. ఆ మహానుభావుడు పత్తిచేనును ఫోటోలో తప్ప చూసి ఉండడు.

“ఇరవై తెప్పించుకుని ఆరు పారబోస్తారా? ఇకమీద మీకు నాలుగే. ఎక్కువ కావాలంటే కారణం రాయండి” అన్నాడు.

సరస్వతీబాయి మంత్రాలయం పక్క అర్చకుల ఇంటి ఆడపడుచు. హాలహర్వి వైపు పల్లెలో ఇరవై నాలుగేళ్లుగా ఆసుపత్రి మందుల గది ఆమెదే. చేరిన ఏడాదే, పత్తి తీస్తుండగా పాము కరిచిన లక్ష్మమ్మ అనే కూలీ, ఆ ఆసుపత్రిలో మందు లేక, ఆదోని దారిలో ఆటోలోనే పోయింది. అప్పటినుంచి సరస్వతీబాయి మాట ఒకటే: మందు మిగిలితే మిగలనీ, మనిషి మిగలాలి. ఈ చిన్న ముక్క మేధావుల తలకెక్కదు.

ఆకుపచ్చగా వెలిగింది పక్క మండలం ఫార్మసిస్టు ప్రహ్లాద్ పేరు. ఒక్క మందూ పారబోయని ఘనుడని శాలువా కప్పారు. తెప్పిస్తే కదా పారబోయడానికి! గడువు దాటితే మెమో వస్తుందని ఆ ఇంజెక్షన్లు అడగడమే మానేశాడు. పొయ్యే వెలిగించకుండా, గిన్నె మాడలేదని మురిసే ఇల్లాలికి సన్మానం చేసినట్టుంది.

“ఆయప్ప ఊర్లో పాము కరిచినోళ్లు యాడికి పోతాండారో అడగండి సార్” అంది సరస్వతీబాయి. ఎవరూ అడగలేదు. టీ వచ్చింది.

భోజనాల దగ్గర ప్రహ్లాద్ ఫోను మోగింది. వింటూ వింటూ ముఖం పాలిపోయి, ఆమె దగ్గరికి వచ్చాడు.

“అక్కా, మా ఊరి రంగన్నను చేన్లో పాము కరిచిందంట. నీ దగ్గర ఉండాయా?”

“వాడినవి పోను గడువుండేవి పది ఉండాయి. ఆదోని దూరం, బిరీన మా ఊరికి పంపీయి, సిస్టరుకు నేను సెప్తా. ఆ శాలువా కప్పుకోనే అడుగుతాండావే, సిగ్గు లేదా అప్పా?”

ప్రహ్లాద్ తల దించుకుని శాలువా తీశాడు. పారేయలేదులెండి, మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి పది సీసాలూ ఎక్కించారు. రంగన్న బతికాడు.

మరునాడు సరస్వతీబాయి మందులు కోరే ఇండెంటులో మళ్లీ ఇరవై అని రాసింది. కారణం అన్న గడిలో, గుండ్రటి అక్షరాలతో, “ప్రహ్లాద్ గారి ఊరివాళ్ల కోసం” అని రాసి సంతకం పెట్టింది.