వాన పడితేనే ముగిసే పాట

ఆమధ్య ఒకరోజు మధ్యాహ్నం భోజనమయ్యాక, అలవాటు ప్రకారం డైరీ తీసి "ఆకాశం తెల్లగా ఉంది, మబ్బు లేదు" అని రాసి కలం మూస్తుండగా, పక్కగదిలో మా మనవరాలి ఫోన్‌లోంచి క్లారినెట్ వినబడింది. క్లారినెట్ వినబడటం వింత కాదు గానీ, అది పలుకుతున్నది చనిపోయిన మా అన్న కట్టిన వరస.

ఎవరమ్మా వీళ్లని అడిగితే, రాయదుర్గం ఇండీ బ్యాండు తాతా అంది. సినిమాలతో పని లేకుండా తమ పాటలు తామే కట్టి పాడుకునేవాళ్లట, పగలంతా జీన్స్ కుట్టే పిల్లలట, ఇది వాళ్ల కొత్త ఆల్బమట. మళ్లీ పెట్టించుకుని విన్నాను. పాట చివరిదాకా వచ్చి, గడప మీద కాలు పెట్టిన మనిషి నిలిచిపోయినట్టు, టక్కున ఆగింది. చెడిపోయిందేమోనని మనవరాలు ఫోన్ తట్టి చూసింది. చెడిపోలేదని నాకు తెలుసు. సగమే చేజిక్కిన దొంగ ఎక్కడ ఆగుతాడో సరిగ్గా అక్కడే ఆగింది. పేర్లన్నీ చదివించుకున్నాను. పాడినవాళ్లు, వాయించినవాళ్లు, రికార్డు చేసినవాళ్లు అందరూ ఉన్నారు, మా అన్న ఒక్కడే లేడు.

మన కాలంలో బ్యాండంటే బ్యాండుమేళమే కదా. ఉరుసైనా, తేరైనా, పెండ్లయినా కళ్యాణదుర్గం చుట్టుపక్కల మా మేళమే పోయేది. అన్న క్లారినెట్, నేను తాళాలు, మేము వరసకు మామ అని పిలిచే ఆయన పెద్ద డ్రమ్ము. ఆఫీసు ఉద్యోగం రాకముందు నా వయసంతా ఆ తాళాల మధ్యే గడిచింది. వాన పడక శనక్కాయ విత్తనం ఇండ్లలోనే ఉండిపోయిన ఏండ్లలో పెండ్లిళ్లు ఆగిపోయేవి. అప్పుడు మమ్మల్ని పిలిచేది వాన కోసం చేసే గాడిదల పెండ్లికే. నవ్వుతారేమో గానీ, గాడిదలకు బాసికాలు కట్టి ఊరేగించిన ఆ రోజుల్లో మా వెనక నడిచే రైతుల ముఖాల్లో నవ్వు ఉండేది కాదు. ఆ ఊరేగింపు కోసమే అన్న ఈ వరస కట్టాడు. ఊరి పొలిమేరలో దాన్ని ముగించకుండా ఆపేసేవాడు. మామ డ్రమ్ము కర్రను తిరగేసి డ్రమ్ము మీద అడ్డంగా పెట్టేవాడు. పాట ఇంకా ఉంది, వాన వస్తే మళ్లీ వస్తామని దానికి అర్థం. వాన పడినాక పోయి, అదే పొలిమేరలో ముగింపు వాయించేవాళ్లం. అప్పటికి జనమంతా విత్తడానికి గొర్రు కట్టి చేలలో పడి ఉండేవాళ్లు గనక వినడానికి ఎవరూ మిగిలేవాళ్లు కాదు. ఆ ముగింపు ఎరిగినవాళ్లం మేము ముగ్గురమే.

తరువాత మామ మేళం వదిలి రాయదుర్గంలో కుట్టుపనికి పోయాడు. గుమ్మఘట్ట పక్క ఏదో పెండ్లిలో ఆ వాన వరసను వేరే మేళంతో వాయింపించి దుడ్లు తీసుకున్నాడని ఎవరో వచ్చి అన్న చెవిన వేశారు. అన్న నమ్మాడు. మామను అడగలేదు, మామా వచ్చి చెప్పలేదు. అన్న పోయేదాకా ఇద్దరికీ మాటల్లేవు. అందుకే ఆల్బం విన్నరోజు నాకు మొదట గుర్తొచ్చింది మామే.

ఆ ఆదివారం రాయదుర్గంలో ఒక కల్యాణమండపంలో ఆ బ్యాండు కచేరీ ఉందని తెలిసి, బస్సెక్కి పోయి ముందు వరసలో కూర్చున్నాను. పాట కాగానే లేచి నలుగురిలో నిలదీయాలన్నదే నా ఉద్దేశం. గిటార్ల మోత, ఈలల గోల భరించాను. చివరికి ఆ వరస మొదలైంది. పొలిమేర దగ్గరికి వచ్చినట్టే వచ్చి ఆగింది. వెనకాల డ్రమ్ములు వాయిస్తున్న అమ్మాయి చేతిలోని కర్రను తిరగేసి, డ్రమ్ము మీద అడ్డంగా పెట్టింది. లేవబోయినవాణ్ణి అలాగే ఉండిపోయాను. ఆ పద్ధతి వినికిడితో వచ్చేది కాదు, పక్కన నిలబడి నేర్చుకుంటేనే వస్తుంది.

జనం పలచబడ్డాక ఆ అమ్మాయే నా దగ్గరికి వచ్చింది.

"ఏం తాతా, పాట బాగలేదా? కోర్టులో జడ్జి మాదిరి చూస్తాంటివి."

"ఈ వరస మీకు యాడ దొరికింది?"

"మా తాత నేర్పినాడు. మేళంలో డ్రమ్ము కొడతాండె."

"కట్టింది ఆయన కాదే."

"కాదు. క్లారినెట్టాయన కట్టినాడంట. ఎన్నిసార్లు అడిగినా పేరు చెప్పలే. నన్ను దొంగ అనుకున్నోని పేరు నా నోట రాదు అంటాండె. అందుకే ఆల్బంలో వెయ్యలేకపోతిమి. ఆయనకు తాళాలు కొట్టే తమ్ముడు ఒగడుండాడంట, ఎప్పుడూ అర దెబ్బ ముందే కొడతాండెనంట."

"నేను ముందు కొట్టేది కాదు, మీ తాతే వెనకబడేటోడు," అని నోరు జారాను.

ఆ పిల్ల పెద్దగా నవ్వింది. ఆ వెంటనే నవ్వు ఆపి నా పక్కన కూర్చుంది. వానొచ్చినాక ముగింపు నేర్పిస్తానన్న తాత, వాన రాకముందే చనిపోయాడట. ఇప్పుడు నేను చెప్పాలట. అంతవరకు ఆ మాటలు మెత్తగానే తాకాయి గానీ, ముగింపు అనగానే నాలో పాత అనుమానం లేచి కూర్చుంది. ఈ మర్యాదంతా దానికోసమేనా, మరుసటి ఆల్బం కోసమా?

"వాన పడినాక ఇంటికి రా. తుంపర కాదు, విత్తనానికి పదునయ్యే వాన," అన్నాను. అన్న పేరు మాత్రం చెప్పి, ఆ పిల్ల దాన్ని తన ఫోన్‌లో రాసుకునేదాకా అక్కడే ఉన్నాను.

"మా తాత చెప్పినట్లే ఉండారు మీ అన్నదమ్ములు. మనిషిని నమ్మాలన్నా వాన పడాల్నా?" అని సాగనంపింది.

ఇప్పుడు గాడిదల పెండ్లిళ్లు లేవు, వాన లేకున్నా బోరు నీళ్లతో విత్తేవాళ్లు ఉన్నారు, ఒక పాట ఆగితే ఫోన్ మరో పాట అందుకుంటుంది. ముగింపు కోసం ఎదురుచూసే మనుషులు ఉండరనుకున్నాను, ఒకతె ఉంది. రోజూ పొద్దున్నే మేడ మీదికి పోయి పడమటి దిక్కు చూసి వస్తున్నాను. మరిచిపోకుండా ఉండాలని ఆ ముగింపును మనసులోనే తిప్పుకుంటున్నాను. ఏ రోజు ఏ ఊరు పోయామో నా డైరీల్లో ఉంది గానీ, వరసను రాసిపెట్టే విద్య నాకు రాదు. నిన్న తిప్పుకుంటుంటే కడపటి మలుపు దగ్గర తడబడ్డాను. అది అన్న వాయించిందేనా, ఇన్నేండ్లలో నేను కల్పించుకున్నదా? సరిచెప్పగలిగిన మనిషి మామ ఒక్కడే. ఆయన్ను మేమెన్నడూ ఏమీ అడగలేదు.