కోరుట్లలో ఖాళీ అయిన బెంచీలు

ఆ రోజుల్లో మెల్లగా మాట్లాడటమనే విద్య ఒకటుందని నాకు తెలియదు. సిరిసిల్లలో మా ఇంట్లోనే నాలుగు సాంచలు నడిచేవి (మరమగ్గాలను మేమలాగే అంటాం). ఆ చప్పుడులో అన్నం పెట్టమని అడగాలన్నా అరవాల్సిందే. ఆ గొంతుతోనే జగిత్యాలలో టీబీ ఆఫీసు ఉద్యోగంలో చేరాను. ప్రైవేటు డాక్టర్ల దగ్గరికి వెళ్లే టీబీ రోగుల వివరాలు తెచ్చి, వాళ్లకు సర్కారు మందులు అందేలా చూడటం, మధ్యలో మానేయకుండా కనిపెట్టుకుని ఉండటం నా పని. కోరుట్లలో ఒక పెద్ద డాక్టరు మాత్రం ఒక్క పేరూ ఇచ్చేవాడు కాదు. "ఆయనతోని కాదమ్మా, ఇడిసిపెట్టు" అన్నారు మా సారు. వదిలిపెట్టడమా! నేనా!

మర్నాడు పొద్దున్నే ఆ ఆస్పత్రికి వెళ్లి, కిక్కిరిసిన హాలులో ఈ చివర నిలబడి, ఆ చివరనున్న కాంపౌండరును అడిగాను: "అన్నా, మీ టీబీ పేషెంట్ల లిస్టు కావాలె!" నాకది మామూలు గొంతే. టీబీ మాట వినబడగానే, ఎక్కడ తమకు ఆ పేరు పడుతుందోనని, క్షణంలో బెంచీలన్నీ ఖాళీ. (సెలైన్ ఎక్కించుకుంటున్నాయన కూడా సీసా చేత్తో పట్టుకుని గడప దాటాడు.) డాక్టరు బయటికొచ్చి బెంచీలనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "గిందుకే సర్కారోళ్లను రానియ్యనిది! బీడీలు జేసే అక్క పొద్దటిసంది కూసున్నది. రెండు నెలల మందులు అయినయ్, ఇంక నాలుగు నెలలు మింగాలె. ఇగ గామె ఈ గడప తొక్కదు. మానేస్తే బతకదు. నువ్వు ఎల్లగొట్టినవ్, నువ్వే పట్టుకరా!" అంటూ కోపంలో ఆమె పేరూ ఇల్లూ చెప్పేశాడు. ఆయన మా ఆఫీసుకు ఇచ్చిన మొదటి పేరు అదే. సిగ్గుతో తల వాలిపోయింది గానీ, వెనక్కి వెళ్లిపోవాలని మాత్రం అనిపించలేదు.

మందుల డబ్బా సంచిలో దాచుకుని వెళ్లేసరికి ఆమె అరుగు మీద నలుగురు ఆడవాళ్లతో కలిసి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి, పొమ్మన్నట్టు కళ్లెర్రజేసింది. నేను పోలేదు. పని నేర్చుకుంటానని పక్కనే కూర్చుని ఒక తునికాకు అందుకున్నాను. నేను చుట్టింది చూసి అందరూ ఒకటే నవ్వు. మర్నాడూ వెళ్లాను. మూడో రోజు ఆమె చాట పక్కన పెట్టేసింది. "ఓ పిల్లా, ఎన్ని దినాలు ఆకులు ఖరాబ్ జేస్తవ్? ఇటు తే!" అని నా సంచి లాక్కుని, అందరివైపూ తిరిగి, "ఇనుండ్రి. నాకు టీబీ ఉన్నది. మందులు పడ్డయ్, ఇగ ఎవ్వలకు అంటదని డాక్టర్ సారు చెప్పిండు. దూరం కూసునేటోళ్లు కూసోండ్రి. నేనైతే ఈడనే కూసుంట" అంది. గోలీలు నోట్లో వేసుకుంది. ఎదురింటి ముసలమ్మ నీళ్ల చెంబు ముందుకు జరిపి, "ఇంకిన్ని తాగు, గొంతుల పడ్తది" అంది. ఎవరూ లేచిపోలేదు.

నాలుగు నెలల తర్వాత ఆఖరి పరీక్షకు ఇద్దరం కలిసే వెళ్లాం. తెమడలో టీబీ క్రిములేమీ లేవని డాక్టరు చెప్పగానే నేనే భోరున ఏడ్చాను. ఆమె నెత్తిన ఒకటి మొట్టి, "ఏడుస్తవేందే పిల్లా! నేను బతికిన గదా!" అంది. డాక్టరు మరో మూడు పేర్లు రాసి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు డాక్టర్లు ఫోనులోనే పేర్లు పంపిస్తారు. నయమైపోయిందని ఎంతమందికి చెప్పానో, కళ్లు తడవకుండానే. అప్పటి నేను, ఆ ఏడుపుగొట్టు పిల్ల, గుర్తొస్తే నవ్వొస్తుంది. మళ్లీ ఒక్కసారి కనబడితే బాగుండుననీ అనిపిస్తుంది.