ఇన్‌ఫర్మరీ వెనక గోడ మీద ఎర్రటి అన్నం

2009వ సంవత్సరం, ఫిబ్రవరి నెలాఖరు. రాయ్‌పూర్ ఊరి బయట ఒక పెద్ద ఇంగ్లిషు బోర్డింగ్ స్కూల్లో నేను నర్సుగా చేరి అప్పటికి కొన్నేళ్లయింది. మా నాన్న రైల్వేలో ఫిట్టరు. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడి క్వార్టర్లలోనే రిటైరయ్యాడు. నేను పుట్టిందీ, నర్సింగు చదివిందీ ఇక్కడే. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ, ఆ స్కూలు గేటు దాటితే ఇంగ్లిషు.

ఆ స్కూలు సంగతి కొంచెం చెప్పాలి. గుర్రపు స్వారీ ఉంది, ఈత కొలను ఉంది, చెట్లకి కూడా ఇంగ్లిషు పేర్ల బోర్డులు ఉన్నాయి. పిల్లలు ఆవరణలో ఇంగ్లిషు తప్ప మరో మాట మాట్లాడకూడదు. నా పని ఇన్‌ఫర్మరీలో. అంటే బడి లోపలి చిన్న ఆసుపత్రి: కొన్ని మంచాలు, మందుల బీరువా, కట్లు కట్టే డ్రెస్సింగ్ రూమ్. డాక్టరు వారానికోసారి వచ్చేవారు, మిగతా రోజులు నేనే. కడుపునొప్పితో వచ్చిన పిల్ల గుమ్మంలో ఇంగ్లిషులోనే చెప్పేది. నొప్పి ఎక్కువైతే మాత్రం ఇంటి భాషలో ఏడ్చేది.

ఆ వారం స్కూల్లో పెద్ద గోల మొదలైంది. ఇన్‌ఫర్మరీ వెనక పాత ప్రహరీ గోడ ఒకటుంది. దాని మీద ఎవరో బాదం ఆకు వేసి, అందులో ఎర్రటి అన్నం ముద్ద పెట్టి పోతున్నారు. మొదటిసారి తోటమాలి చూసి తీసి పారేశాడు. మర్నాడు మళ్లీ కనిపించింది. ఆ మర్నాడూ అంతే. అన్నం నెత్తుటి రంగులో ఉందని ఒక పిల్ల అంది, నెత్తురేనని ఇంకో పిల్ల అంది, సాయంత్రానికి హాస్టల్లో సగం మంది అన్నం ముట్టలేదు. ఇంగ్లిషు డిటెక్టివ్ నవలలు చదివే పెద్ద క్లాసుల పిల్లలు సైన్సు ల్యాబులోంచి భూతద్దాలు తెచ్చుకుని గోడ చుట్టూ తిరిగారు. పీటీ సారు మాజీ సైనికుడు. అడుగుల జాడలు పట్టుకుంటానని గోడ కింద సున్నం చల్లించాడు. చివరికి ఆయనకి దొరికినవి ఆయన బూట్ల గుర్తులే.

గోల నవ్వులాటతో ఆగి ఉంటే బాగుండేది. అది హాస్టల్లో ఆయాగా ఉన్న ఫూల్‌బాయి మీదకి మళ్లింది. దగ్గర పల్లె మనిషి, భర్త లేడు, పని చేసుకుంటూ తనలో తను మాట్లాడుకునే అలవాటు. ఎవరో ‘టోన్హీ’ అన్నారు. ఇక్కడ టోన్హీ అంటే చేతబడి చేసే ఆడది. ఒకసారి ఆ ముద్ర పడితే పల్లెలో ఆ మనిషి బతుకు బుగ్గిపాలే. ఆ మాట అనడమే నేరమని అప్పటికే చట్టం వచ్చింది గానీ, నోళ్లకి చట్టం ఏం తెలుసు?

ఫూల్‌బాయి నా దగ్గరికొచ్చి నేల మీద కూర్చుండిపోయింది.

“మైఁ కుఛు నఇ కరే హవ్ దీదీ,” అంది. నేనేమీ చెయ్యలేదక్కా అని. “ఈ మాట మా ఊరిదాకా పోతే నన్ను బతకనిస్తారా?”

ఆ మధ్యాహ్నమే ఆమెని కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆమె సంచీ సర్దుకుని గేటు వైపు నడుస్తుంటే, ఆమె చేత జడలు వేయించుకున్న పిల్లలే పక్కకి తప్పుకున్నారు. చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం ప్రిన్సిపల్ మేడమ్ నన్ను గదికి పిలిచింది. బల్ల మీద పళ్లెంలో ఆ ఆకు, ఆ ముద్ద.

“సిస్టర్, ఇది రక్తమేనా? పోలీసులదాకా పోకుండా తేలిపోతే బాగుంటుంది.”

రక్తం ఆరితే గోధుమ రంగుకి తిరుగుతుంది. ఇది మధ్యాహ్నం నుంచీ ఉన్నా ఎర్రగానే ఉంది. దగ్గరికి తీసుకుని వాసన చూశాను. చింతపండు, వెల్లుల్లి, మెంతిపిండి. అంత కంగారులోనూ నా నోట్లో నీళ్లూరాయి. పండుమిరపకాయల పచ్చడి! మా ఇళ్లల్లో శీతాకాలం చివర్లో రోట్లో నూరేది.

“రక్తం కాదు మేడమ్, పచ్చడి,” అన్నాను. ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. నేను నవ్వేదాన్నే. కానీ మాలి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆకు చుట్టూ రోజూ నీళ్లు తిప్పిన తడి ఉంటోందట.

చేతబడికి నిమ్మకాయలు పెడతారు, కుంకుమ పెడతారు. ఇంట్లో నూరిన పచ్చడి కలిపి అన్నం ఎవరూ పెట్టరు. మా వైపు కర్మ చేసేటప్పుడు, పోయిన మనిషి ఇష్టంగా తినే వంట ఆకులో పెట్టి, నీళ్లు తిప్పి, కాకి కోసం ఎదురుచూస్తారు. కాకి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. మా అమ్మ పోయినప్పుడు నేనూ అలాగే ఆకాశం చూస్తూ నిలబడ్డాను. అంటే ఈ పచ్చడి ఇష్టమైన మనిషి ఎవరో పోయారు. వాళ్ల తాలూకు మనిషి ఈ ఆవరణలోనే ఉంది.

హాస్టల్లో తెలుగు పిల్ల ఒక్కతే, ఎనిమిదో క్లాసు హారిక. తండ్రి అప్పారావు గారు సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్, ఇల్లు బీర్‌గావ్‌లో. ఆ పిల్లకి మార్కుల మీద ఫీజు లేని సీటు వచ్చింది. ఏటేటా మార్కులు నిలబెట్టుకుంటేనే ఆ సీటు ఉంటుంది. ఆ వారమంతా హారిక భోజనం కాగానే కడుపునొప్పి అని నా దగ్గరికి వస్తోంది. వైటల్స్, అంటే నాడి, బీపీ, జ్వరం చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. యాసిడిటీ అనుకుని సిరప్ ఇచ్చి కాసేపు పడుకోబెట్టేదాన్ని. ఇన్‌ఫర్మరీ వెనక తలుపు తెరిస్తే ఆ గోడే.

మర్నాడు హారిక రాగానే మంచం చూపించి, పని ఉన్నట్టు డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. కాసేపటికి వెనక తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల జేబులోంచి రుమాలు తీసి, మెస్ నుంచి దాచి తెచ్చిన అన్నం ముద్ద ఆకులో పెట్టింది. పాలపొడి డబ్బాలో ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి తీసి కలిపింది. సీసాతో నీళ్లు తిప్పింది. చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. ఒక కాకి వచ్చి వాలింది. ముక్కు దగ్గరికి తెచ్చింది. తల విదిల్చి ఎగిరిపోయింది.

నేను బయటికి వెళ్లాను.

“ఎవులికి పెడతన్నావమ్మా?”

తుళ్లిపడింది. ఆ స్కూల్లో నేను తెలుగు మాట్లాడటం విన్నది అదే మొదటిసారి అనుకుంటాను.

“మా అమ్మకి.”

“అమ్మకేటయింది?”

“చచ్చిపోయింది సిస్టర్. నాకు తెలీదనుకుంటన్నారు అందరూ.”

మెట్టు మీద కూర్చుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎవరు చెప్పారని అడిగాను.

“ఎవరూ చెప్పలేదు. ప్రతీ సండే ఫోన్లో నాన్న మార్కులు అడుగుతాడు. తిన్నావా అని అడిగేది అమ్మ. ఈసారి అమ్మ నిద్రపోతంది అన్నాడు. అనేసి, నువ్వు తిన్నావా అమ్మా అన్నాడు. నాన్న ఎప్పుడూ అలా అడగడు సిస్టర్. తర్వాత వార్డెన్ మేడమ్ కూడా నన్ను తిట్టడం మానేసింది. నా బెడ్ ఆవిడే సర్దింది. బస్, అప్పుడు పక్కా అయిపోయింది.”

“మరి నాన్ననెందుకు అడగలేదే?”

“చెప్పలేకపోతన్నాడు కదా. ఎగ్జామ్స్ అయ్యాక చెప్తాడు. అప్పుడే ఏడుస్తాను. ప్లీజ్ సిస్టర్, నాన్నకి మత్ బోల్నా,” అంది. చెప్పొద్దని.

పదమూడేళ్ల పిల్ల తన ఏడుపుని తండ్రి కోసం వాయిదా వేసుకుని కూర్చుంది. గోడ వైపు చూస్తూ అంది:

“కాకి వస్తంది గానీ ముట్టట్లేదు. అమ్మకి నా మీద కోపమేమో. హాస్పిటల్లో ఉన్నప్పుడు క్లాస్ టెస్టులున్నాయని వెళ్లలేదు నేను.”

“పచ్చి కారం తల్లీ అది. కాకి ఏటి తింటాది?” అన్నాను.

“మా అమ్మయితే నెయ్యి కూడా ఏసుకోకుండా తినేసేది,” అంటూ నవ్వబోయింది. నవ్వు రాలేదు. నాకు ఏడుపు ఆగలేదు. నర్సులు ఏడవకూడదని ట్రైనింగ్‌లో చెప్తారు. ఆ రోజు ఆ మాట పాటించడం నా వల్ల కాలేదు.

ప్రిన్సిపల్ మేడమ్ గదిలో అంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తల్లి కిందటి వారం ఇక్కడి ఆసుపత్రిలోనే పోయిందట. పరీక్షలయ్యేదాకా పిల్లకి తెలియనివ్వద్దని తండ్రి వచ్చి చేతులు పట్టుకున్నాడట. వార్డెన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదట.

“పిల్ల మంచికే కదా అనుకున్నాం సిస్టర్.”

“మేడమ్, మనందరం కలిసి ఆ పిల్ల రహస్యం వెతుకుతున్నాం. మన రహస్యం ఆ పిల్ల ఎప్పుడో కనిపెట్టేసింది,” అన్నాను.

అక్కడి నుంచే అప్పారావు గారికి ఫోన్ చేశాం. ఖారూన్ నది ఒడ్డున మర్నాడే పెద్దకర్మట. అది దాటిపోతే తల్లికి ఆ పిల్ల చేసేది ఇంకేమీ ఉండదు. విషయం చెప్తుంటే ఆయన అడ్డుపడ్డాడు.

“వద్దు సిస్టరమ్మా. సోమవారం పరీక్ష. ఆ సీటు కోసం దాని తల్లి మొక్కని దేవుడు లేడు. పిల్లకి పరీక్షలయ్యేదాకా సెప్పకండని నా చేత ఒట్టేయించుకునే కళ్లు మూసింది. నాను మాట తప్పలేను.”

“మీరేటీ సెప్పక్కర్లేదు బాబూ. దానికి అన్నీ తెలుసు. మీరు బాధపడతారనే ఏడవకుండా కూకుంది.”

చివరికి, “రేపు తీసుకురండి,” అన్నాడు.

ప్రిన్సిపల్ మేడమ్ తన కారే ఇచ్చింది. హారికకి పరీక్ష విడిగా పెడతానంది. ఆ మేరకు ఆవిడకి దణ్ణం పెట్టాలి.

మర్నాడు నది ఒడ్డున మహాదేవ్ ఘాట్ మెట్ల మీద అప్పారావు గారు గుండుతో నిలబడి ఉన్నాడు. కూతుర్ని చూడగానే భుజం మీద తువ్వాలు గబుక్కున తల మీదికి లాక్కున్నాడు. ఇన్నాళ్లు దాచిన అలవాటు. హారిక దగ్గరికెళ్లి, ఏమీ మాట్లాడకుండా ఆ తువ్వాలు తీసి తన చేత్తో పట్టుకుంది.

రైల్వే కాలనీ నుంచి వచ్చిన పంతులు గారు కర్మ జరిపించారు. ఆకు మెట్టు మీద పెట్టి అందరం పక్కకి జరిగాం. కాకి రాలేదు. ఎండ నడినెత్తికెక్కినా రాలేదు. చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి, ఏదో కోరిక మిగిలిపోయిందని. అప్పారావు గారు ఆకాశం వైపు చేతులు జోడించాడు.

“ఏటి కావాలే నీకు? మాట తప్పాననేటి? రాయే, ఒక్కసారి రాయే...”

హారిక ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“కాకి రాపోతే ఏటి నాన్నా, నానొచ్చాను కదా.”

ఆ మనిషి మెట్ల మీద కూలబడిపోయాడు. అప్పుడు ఏడ్చింది హారిక, తండ్రి గుండు మీద చెంప ఆనించి. పంతులు గారు కాసేపు చూసి, ఇంక ఎదురుచూడక్కర్లేదని ఆకుని నీళ్లలో వదిలేశారు.

ఆ పిల్ల పరీక్షలు రాసింది. మార్కులు బాగానే వచ్చాయి. సీటు నిలబడింది కూడా. కానీ ఎండాకాలం సెలవులకి వెళ్లి మళ్లీ రాలేదు. నాన్న ఒక్కడూ వండుకోలేడని, బీర్‌గావ్‌లోనే మామూలు బడిలో చేరింది. ఏ సీటు కోసం ఇంత దాచారో ఆ సీటు ఖాళీగా మిగిలింది.

ఫూల్‌బాయిని మళ్లీ పనిలోకి రమ్మన్నారు. ప్రిన్సిపల్ మేడమ్ హారిక అనుమతి అడిగి, పొద్దున అసెంబ్లీలో పిల్లలందరికీ జరిగింది చెప్పింది కూడా. కబురు చెప్పడానికి నేనే ఆమె పల్లెకి వెళ్లాను. ఇల్లు అలుకుతూ విన్నది. “తల్లి లేని పిల్ల పెడుతోందని తెలిస్తే ఆ ఆకు రోజూ నేనే కడిగి ఇచ్చేదాన్ని దీదీ,” అంది. అలికే గుడ్డ మళ్లీ నీళ్లలో ముంచి, “ఆ గేటు లోపలికి మాత్రం నన్ను పిలవకు,” అంది. ఎన్నిసార్లు అడిగినా రాలేదు.

నర్సింగులో ‘బ్రేకింగ్ బ్యాడ్ న్యూస్’ అని ఒక పాఠం ఉంటుంది. చెడ్డ కబురు ఎలా చెప్పాలో, ఎంత మెల్లిగా చెప్పాలో నేర్పిస్తారు. చెప్పకముందే తెలుసుకుని, మన కోసం తెలియనట్టు నటించే పిల్ల గురించి అందులో లేదు. అది నాకు హారిక నేర్పింది. పిల్లలకి తెలియకుండా మనం ఏదీ ఆపలేం. వాళ్లు ఒంటరిగా తెలుసుకునేలా మాత్రం చేస్తాం.

ఆ తర్వాత కూడా ఆ స్కూల్లో చాలా ఏళ్లు చేశాను. అలాంటి ఫోన్లు మళ్లీ వచ్చాయి. ‘ఇప్పుడే చెప్పకండి సిస్టర్’ అని తండ్రో, మేనమామో బతిమాలేవారు. నేను వాదించేదాన్ని కాదు. “మీరు బయల్దేరండి. వచ్చేదాకా పిల్ల పక్కన నేను కూర్చుంటాను,” అనేదాన్ని.