బండి లేటని తెలిసిన సాయంత్రాలు

సాయంత్రమయ్యేసరికి ఆమె ఫోను నోరు విప్పుతుంది. "మీ బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా నడుస్తోంది" అని, చంటిపిల్లలకు పాఠం చెప్పే గొంతుతో గదంతా వినబడేలా చెబుతుంది. ఆ మాటకు ముందుగా తలెత్తేది ఆమె కాదు, ల్యాబ్ సారు.

అది పళ్లు తయారుచేసే ల్యాబ్. దంతవైద్యులు పంపిన అచ్చులకు సరిపోయేలా కట్టుడు పళ్లూ క్యాపులూ చేసి తిరిగి పంపుతారు. పొడవాటి బల్ల, బల్ల వెంట దీపాలు, మూలన చిన్న బీరువాలాంటి ఫర్నేసు. ఆమెది ముందు పళ్ల పని. పింగాణీ పొడిని తడిపి, సన్నటి కుంచెతో క్యాపు మీద పొరలు పొరలుగా పెట్టాలి. కాలిస్తే పింగాణీ కుంచించుకుపోతుంది కాబట్టి పన్ను ఉండాల్సినదానికన్నా కాస్త పెద్దదిగా కట్టాలి. ఎంత పెద్దదిగా అన్నది చేతికి తెలియాల్సిందే. అంచు దగ్గర కొంచెం నీలి ఛాయ, చిగురు దగ్గర కొంచెం పసుపు. నలభై ఏళ్లు కాఫీ తాగినాయనకు పాలరాయిలాంటి పన్ను పెడితే నవ్వినప్పుడల్లా అదొక్కటే నవ్వుతుంది.

పనిలో ఉన్నంతసేపూ చేతులు తడిగా, తెల్లగా ఉంటాయి. ఫోను ముట్టుకునే వీలుండదు. అందుకని రైలు అలర్టులు పైకి చదివి వినిపించేలా పెట్టుకుంది. తన వేళ్లు శుభ్రంగా ఉండాలని చేసిన పని చివరికి తన సాయంత్రాలనే తుడిచిపెట్టేస్తుందని అప్పుడు తట్టలేదు.

అలర్టులు రాకముందు పద్ధతి వేరు. గంట కొట్టినట్టు ఒకే వేళకు లేచేది, కుంచె కడిగేది, స్టేషనుకు నడిచేది. బండి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. కాళ్లు పీక్కుపోయేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి, పట్టాలు వంపు తిరిగే చోటుకేసి అందరితోపాటు తనూ మెడ సాచి చూసేది. అదంతా చూసి మొగుడే ఒక ఆదివారం ఆ యాప్ ఎక్కించాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఎక్కడ ఎవరు ఇరుక్కున్నా అతని ఫోనే మోగుతుంది, అందుకని ఫోన్ల మీద అతనికి గురి ఎక్కువ. "ఇకమీదట నువ్వు బండి కోసం కాచుకోవడం ఉండదు, బండే నీకు కబురు పెడుతుంది" అన్నాడు గొప్పగా.

మొదటి కొన్ని వారాలు నిజంగానే హాయిగా గడిచాయి. పొద్దున బండి లేటని తెలిస్తే చిన్నదానికి ఇంకో ముద్ద పెట్టేది, జడ విప్పి మళ్లీ వేసేది. చిన్నదానికి మూడేళ్లు. చెప్పులు కుడిదెడమకు, ఎడమది కుడికి వేసుకుని, ఇలాగే బాగుందని వాదిస్తుంది. ఆ వాదన పూర్తిగా వినే తీరిక తల్లికి ఆ రోజుల్లోనే దొరికింది.

తర్వాత ఒకరొకరే ఆ బండిలోకి ఎక్కారు. వేరే ఊళ్లో ఉండే అత్తగారు కొడుకుతో చెప్పి ఆ బండి అలర్టులు తన ఫోనులోనూ పెట్టించుకున్నారు. ఎప్పుడైనా ఫోను చేసి, "నీ బండి వచ్చేసిందటగా, ఇంకా ఇంట్లో దీపం పెట్టలేదా?" అని అడిగేవారు. ఆవిడ ఆరాటం ఆవిడది, దానికేమీ అనుకునేది కాదు. పిల్లను చూసుకునే క్రెష్ ఆంటీ కూడా పెట్టుకుంది. అది మంచికే. బండి లేటైన రోజున ఆవిడకు సంజాయిషీ చెప్పుకునే పని తప్పింది.

చివరిగా ఎక్కినవాడు ల్యాబ్ సారు.

సారు చెడ్డవాడు కాదు. కసురుకోవడం ఎరగడు. అడిగేటప్పుడు కూడా చెయ్యి నలుపుకుంటూ, తనే ఏదో తప్పు చేసినట్టు అడుగుతాడు. మొదటిసారి, "ఎలాగూ మీ బండి లేటేగా అమ్మా, ఊరికే స్టేషన్లో నిలబడే బదులు ఈ ఒక్కదానికీ మెరుగు పెట్టేస్తారా?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. రెండోసారీ నిజమే అనిపించింది. తర్వాత ఫోను నోరు విప్పకముందే సారు తన ఫోను చూసుకుని, అచ్చు ఒకటి చేతిలో పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చేవాడు. "పావుగంట ఉందమ్మా" అనేవాడు. ఉన్నది ఆయన దగ్గర కాదు, ఆమె దగ్గర. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

రైలు పెట్టెలో తోటివాళ్లు ఆమెను పళ్ల డాక్టరమ్మ అంటారు. బట్టల కొట్టులో పనిచేసే వదిన పెట్టిన పేరు అది. వదిన అందరికీ వదినే. ఒకసారి కిక్కిరిసిన పెట్టెలో ఆవిడ నోరు బార్లా తెరిచి, లోపల ఎక్కడో ఉన్న పన్ను చూడమంది. తను డాక్టర్ని కానని ఈమె మొత్తుకుంటే, "నువ్వు చేస్తేనేగా వాళ్లు పెట్టేది, చూడు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు పెదాలు బిగించి తమ పళ్లు దాచుకున్నారు. ఆ వదినే ఒకరోజు, ఈమె చివరి క్షణంలో పరుగెత్తుకొచ్చి రొప్పుతూ ఎక్కితే, "లేటు బండికి కూడా లేటుగా వచ్చే మనిషిని నిన్నే చూశాను" అంది. ఈమె నవ్వింది గాని, నవ్వడానికి కూడా ఓపిక కావాల్సి వచ్చింది.

అలా ఆలస్యంగా వచ్చిన బండ్లకే ఇంకా ఆలస్యంగా చేరి, రెండుసార్లు బండి తప్పిపోయింది. రెండుసార్లూ క్రెష్ దగ్గర చిన్నది ఒక్కతే మిగిలింది. మిగతా పిల్లలంతా వెళ్లిపోయాక, గడప మీద చెప్పులు వేసుకుని కూర్చుంది. ఆంటీ తన ముందుగదిలోనే పిల్లల్ని చూసుకుంటుంది. అది ముగించి, రెండు వీధుల అవతల మంచం పట్టిన తల్లికి ఒళ్లు తుడిచి అన్నం పెట్టాలి. ముసలావిడ ఆకలికి ఆగలేదు. రెండోసారి ఆంటీ మొహమాటం పక్కన పెట్టి చెప్పేసింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే చోటు చూసుకోమంది. చోటు కోసం అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, పిల్ల మీద కోపం కాదు, తన ఒంట్లోనూ ఓపిక లేదంది. వేరే చోటు అంటే ఎక్కడ? స్టేషనుకు ఇంటికి మధ్యలో ఉన్నది అదొక్కటే. అది పోతే పని మానుకోవాలి. ఆ రాత్రి మొగుడితో ఈ మాట చెబుతుంటే, అతను వింటూ వింటూనే కూర్చున్నచోట నిద్రపోయాడు. లేపలేదు.

మూడోసారి ఒక బుధవారం వచ్చింది. ఫోను నలభై నిమిషాలంది. అంత లేటు ఎప్పుడూ వినలేదు. సారు వచ్చేసరికి చేతిలో ఆరు ముందు పళ్ల వరస ఉంది. ఎవరో రేడియోలో వార్తలు చదివే మనిషివట. మర్నాడు పొద్దున్నే పెట్టించుకుని పనిలోకి వెళ్లాలట. అవి లేకపోతే మాటలు ఈలలుగా వస్తున్నాయట. రంగు సరిచేసి ఒక్కసారి కాలిస్తే చాలని సారు చెయ్యి నలుపుకున్నాడు. ఆమె లెక్క వేసుకుంది. కట్టడానికి కొంతసేపు, ఆరబెట్టి కాల్చడానికి కొంతసేపు. స్టేషనుకు నడిచినా ఇంకా మిగులుతుంది. సరేనంది.

ఆ లెక్కలో తప్పు లేదు. తప్పల్లా ఫోను చెప్పేదాన్ని అర్థం చేసుకోవడంలో ఉంది. బండి కిందటి స్టేషను ఎంత ఆలస్యంగా దాటిందో, ముందు స్టేషన్లకూ అంతే ఆలస్యమని అది చెబుతుంది. బండి మరీ వెనకబడితే రైలువాళ్లు దాన్ని దారిలోనే ఆపి వెనక్కి తిప్పేస్తారు. దాని బదులు దగ్గరి షెడ్డులో ఖాళీగా ఉన్న ఇంకో బండిని తెచ్చి అదే పేరుతో, అసలు రావాల్సిన వేళకే నడుపుతారు. మామూలు లేట్లకు ఆ అవసరం రాదు. నలభై నిమిషాల లేటుకు ఆ అవసరం వచ్చింది.

ఆరు పళ్లూ ఫర్నేసులో ఎర్రబడుతుండగా ఫోను మళ్లీ నోరు విప్పింది. అదే గొంతు, అదే నిదానం. "మీ బండి సమయానికి నడుస్తోంది."

ఆమె ఫర్నేసు దగ్గరికి వెళ్లింది. ఫర్నేసు తలుపు ఇప్పుడు తెరిస్తే చల్లగాలి తగిలి ఆరూ బీటలు వారతాయి. వేడి మెల్లగా దిగాలి. అద్దంలోంచి చూస్తూ నిలబడింది. "అయ్యో, ఇదేమిటమ్మా" అని సారు తన ఫోనుకేసి చూశాడు, అది అబద్ధమాడినట్టు. పోనీ మీరు వెళ్లండి, నేను చూసుకుంటానన్నాడు. కాని దించాక ఛాయ సరిచేయడం ఆయనకు రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె చేతులు కడుక్కోకుండానే సంచి తీసుకుని పరుగెత్తింది. వంతెన మెట్లు ఎక్కుతుండగా బండి కింద నుంచి వెళ్లిపోయింది. కిటికీలో వదిన చెయ్యి ఊపింది. రమ్మనో, ఇక రావద్దనో.

ఆంటీకి ఫోను చేస్తే, అవతల గొంతులో కోపం లేదు. "నీ బండి టైముకే వచ్చిందమ్మా. నా ఫోనులో కూడా చెప్పింది" అంది. అంతే. ఈమె ఫోను సంచిలో వేసుకుంది. తర్వాతి బండిలో తలుపు దగ్గర, ఎవరిదో మోచెయ్యి పక్కటెముకల్లో గుచ్చుకుంటుంటే, దారి పొడవునా వేరే చోట్ల పేర్లు ఒక్కొక్కటీ తలుచుకుని ఒక్కొక్కటీ కొట్టేసుకుంది.

ఆంటీ ముందుగదికి తాళం వేసి ఉంది. పక్కింటాయన ముసలావిడ ఉండే వీధికేసి వేలు చూపించాడు. వెళ్లేసరికి చిన్నది ముసలావిడ మంచం చివర బాసింపట్టు వేసుకుని కూర్చుని, కడుపు నిండినదానిలా ఆవలిస్తోంది. ఆంటీ తల్లికి మూతి తుడుస్తోంది. అది అయ్యాక ఈమెకేసి తిరిగింది.

"ఏమైంది?"

అబద్ధం చెప్పే ఓపిక లేక నిజమే చెప్పింది. "బండి లేటంది ఆంటీ. లేటేగా అని సారు ఇంకో పని ఇచ్చారు. తీరా చేస్తుండగా టైముకే వస్తోందంది."

"కిందటి రెండుసార్లూ ఇంతేనా?"

"ఇంతే."

ఆంటీ తడిగుడ్డ పిండి మంచం పట్టె మీద ఆరేసింది. "చూడమ్మా, నీ బండి లేటైతే నేను ఆగుతాను. అది నీ చేతిలో లేదు. మీ సారు కోసం మాత్రం నేను ఆగను. ఆయనకు నేనేం బాకీ?"

 ఆంటీ పిల్లను లేపి ఈమె భుజానికెత్తింది, చెప్పులు చేతికిచ్చింది. "రేపు పంపు. ఇంకోసారి మీ సారు ఆలస్యం చేస్తే నాకు చెప్పనక్కర్లేదు, ఆయన్నే పిల్లను చూసుకోమను."

మర్నాడు పళ్లు బాగానే కుదిరాయని ల్యాబ్‌లో అన్నారు. రెండింటికి ఛాయ కొంచెం మాసిందని ఆమెకు కనిపించింది. ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు.

ఆ తర్వాతి సోమవారం ఫోను పాతికనిమిషాలంది. సారు అచ్చు పట్టుకుని వచ్చేసరికి ఆమె కుంచె కడుగుతోంది. కడిగి, కొన వేళ్లతో సన్నగా చేసి, ఆరబెట్టింది. పైన వేసుకున్న తెల్లకోటు విప్పింది. సారు ఆశ్చర్యంగా తన ఫోను చూశాడు.

"ఇంకా అరగంట దాకా ఉందమ్మా."

"ఉంది సార్."

"మరి ఇప్పటినుంచే వెళ్లి ఏం చేస్తారు?"

"కూర్చుంటాను సార్."

ఆయన నవ్వబోయి మానేశాడు. ఇది వేళాకోళం కాదని మెల్లగా అర్థమైంది. ఇంత చిన్న సహాయం అడిగినా కాదనిపించుకున్నానే అన్నట్టు ముఖం చిన్నబోయింది. ఆ ముఖం చూసి ఆమెకు జాలేసింది. ఇంకో క్షణం అక్కడే ఉంటే కోటు మళ్లీ తొడుక్కునేదే. అందుకని ఉండలేదు.

సారు పగపట్టే మనిషి కాదు. కాకపోతే సాయంత్రం పూట కాల్చాల్సినవి ఎవరో ఒకరు చూడాలిగా. రెండు వారాల్లో ముందు పళ్ల పని బల్ల దగ్గర పక్కన కూర్చునే అబ్బాయికి వెళ్లింది. ఈమెకు దవడ పళ్లు ఇచ్చారు. వాటికి ఛాయలతో పెద్దగా పని లేదు, పొద్దున కట్టి మధ్యాహ్నానికి కాల్చేయొచ్చు. "దవడ పళ్లే కదా అసలు అన్నం నమిలేవి" అన్నాడు మొగుడు ఓదారుస్తూ. అవును, కాని ఎవరూ చూడరు. నీలి ఛాయ రంగుసీసా సొరుగులో వెనక్కి పోయింది. అబ్బాయి మొదటి పన్ను తెచ్చి చూపించాడు. కాఫీ తాగే మనిషికి పాలరాయి పెట్టాడు. చిగురు దగ్గర ఇంకొంచెం పసుపు కలపమని చెప్పి, చెయ్యి దురదపెడుతున్నా కుంచె అందుకోలేదు. వేళయింది.

ఆ సాయంత్రం బండి ఎంత లేటో ఫోను చెప్పిందిగాని ఆమె సరిగ్గా వినలేదు. ఆంటీ ఫోనూ చెప్పే ఉంటుంది, ఆవిడ ఆగుతుంది. ప్లాట్‌ఫారం చివరి బెంచీలో చోటు దొరికింది. సంచి ఒళ్లో పెట్టుకుని, ఏమీ చేయకుండా కూర్చుంది. ఏమీ చేయకుండా కూర్చోవడం అలవాటు తప్పిపోయి కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత తల పక్కకు వాలింది.

"లే డాక్టరమ్మా, వచ్చింది" అని వదిన భుజం తట్టింది.

లేచి, జనం మధ్యలోంచి లోపలికి దూరింది. సీటు దొరకలేదు. నిలబడే వెళ్లింది.