ఆరిన బరువు

చనిపోయిన రోజు పొద్దున చిట్టియ్య చేసిన ఆఖరి పని ఒక వడ్లగింజ కొరకడం. తారురోడ్డు మీద సగం వరకూ భీమరాజు ధాన్యం ఆరబోసి ఉంది. చిట్టియ్య టీ తాగి వస్తూ వంగి, ఒక గింజ తీసి పంటి కింద పెట్టుకున్నాడు.

"ఇంకా మెత్తగానే ఉందండి. ఇంకో రెండెండలు పడాలండి," అన్నాడు.

కాళ్లతో ధాన్యం తిరగేస్తున్న భీమరాజు అటు తిరిగిపోయాడు. రెండేళ్లుగా ఊరు ఆయనకు ఇస్తున్న జవాబు అదే. మధ్యాహ్నం భోజనానికి భార్య అప్పాయమ్మ లేపబోతే చిట్టియ్య లేవలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు ఆయన ఆ ఊరికి తలారి. చదివింది ఐదో తరగతి. ఊరి లెక్క మాత్రం నోటికొచ్చు. గడపలు మూడు వందల పన్నెండు, పాడిగేదెలు నూట నలభై, బడికి పోవలసి ఉండీ పోనివాళ్లు తొమ్మండుగురు, వాళ్లలో ఆడపిల్లలు ఏడుగురు. జనాభా లెక్కలకొచ్చిన పంతుళ్లు ముందు ఆయన ఇంటికే వచ్చేవారు. కూతురు శ్రీదుర్గ చిన్నప్పుడు సాంఘికశాస్త్రం పుస్తకంలో దేశ విస్తీర్ణం, అక్షరాస్యత, వరి దిగుబడి గట్టిగా చదువుతుంటే, "ఆ వరి అంకెలో మనం కోసిన గడి కూడా ఉందమ్మా," అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం ఉండేది.

ఆ గడి సంగతి ఇదీ. ఏటా కోతలప్పుడు ఆఫీసు నుంచి ఒక చీటీ వస్తుంది. అందులో ఒక పొలం నంబరు, రెండు అంకెలు. పొలం నైరుతి మూల నుంచి పొడవుకు అన్ని అంగలు, వెడల్పుకు ఇన్ని అంగలు వేసి, ఆగిన చోట మేకు కొట్టాలి. అక్కడ ఐదు మీటర్ల చదరం తాడు కట్టి, అందులో ఉన్నది ఉన్నట్టు కోసి, నూర్చి, తూచాలి. తర్వాత ఆ గింజ ఆరబెట్టి, తూర్పారబట్టి మళ్లీ తూచాలి. ఆ ఆరిన బరువే ఊరి దిగుబడి. చాలాచోట్ల రెండో తూకం దాకా ఎవరూ ఆగరు. పచ్చి బరువులోంచి ఉజ్జాయింపుగా ఇంత తీసేసి, గట్టు మీదే కాగితం నింపేస్తారు. చిట్టియ్య మాత్రం గింజ పంటి కింద టిక్కుమనేదాకా కాగితం కదలనిచ్చేవాడు కాదు.

రెండేళ్ల కిందట కోతకొచ్చిన చేలు తుఫానుకు పడిపోయి, నీళ్లలోనే మొలకలెత్తాయి. నష్టపోయిన ఊళ్ల జాబితాలోకి ఎక్కితేనే బీమా. ఆ ఏడు ఊరి వంతుకు చీటీలో వచ్చింది భీమరాజు కౌలుకు చేసే పొలం. చిట్టియ్య అంగలు వేసి ఆగిన చోటు, పొలం మొత్తంలో ఉన్న ఒకే ఒక మెరక. అక్కడొక్కచోటే చేను నిలబడి ఉంది. ఊరంతా గట్టు మీదే ఉంది.

"ఓరి చిట్టియ్యా, పది అంగలు అటు జరిగితే నీదేం పోద్దిరా?" అన్నాడు భీమరాజు.

"నాదేం పోదండి. అంకె ఇక్కడ పడిందండి."

"అంకెకి కళ్లు లేవు. నీకున్నాయి కదరా!"

"కళ్లున్నోడు చూసుకుని కొడితే దాన్ని లెక్కంటారండీ?" అని మేకు కొట్టేశాడు.

తడి గింజ, తాలు కలిపి కాటా పన్నెండున్నర కిలోలు చూపించింది. కోత చూడ్డానికి వచ్చిన అధికారి సంతకం పెట్టి, ఆరాక బరువు వేసి పంపమని చెప్పి ఇంకో ఊరు వెళ్లిపోయాడు.

ఎండ లేదు. ముసురు వారం పట్టింది. చిట్టియ్య ఆ వడ్లను ఇంట్లో గోనెపట్టా మీద పరిచి, ఉన్న ఒక్క ఫానూ వాటి మీదకి తిప్పాడు.

"ఫాను గాలి వడ్లకీ, దోమలు మనకీనా?" అంది అప్పాయమ్మ.

"నాలుగు రోజులే. ఓర్చుకో."

శ్రీదుర్గ అప్పటికి పట్నంలో, ఆ కాగితాలన్నీ చేరే ఆఫీసులోనే, అవుట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్లో అంకెలు కొట్టే పనిలో ఉంది. తెర మీద ఊళ్ల పేర్లుండవు, కోడు నంబర్లే. ఆ ఏడు గడికి తొమ్మిది కిలోలకు తగ్గితేనే నష్టం కింద లెక్క. ఆ గీత ఎంతో ఆఫీసులో అందరికీ తెలుసు, ఊళ్లలో ఎవరికీ తెలియదు. శనివారం ఆఖరి గడువు. తొమ్మిది కోడులకు కాగితాలు రాలేదు.

"రానివాటికి జిల్లా సగటు కొట్టెయ్యమ్మా," అన్నారు సూపరింటెండెంటు సుధాకర్ గారు. తుఫానుకు ముందే కోసేసుకున్న ఊళ్లు చాలా ఉండటంతో ఆ సగటు పదకొండు కిలోలు దాటింది.

"ఎందుకు రాలేదో ఫోన్ చేసి కనుక్కోమంటారా సార్?"

"సగటేస్తే ఎవరికీ అన్యాయం జరగదమ్మా. కానియ్, నీ బస్సు పోద్ది."

తొమ్మిది కోడులకూ అదే అంకె కొట్టింది. ఆఖరి కోడు చివర నాలుగు వందల ఏడు. అది కొట్టి, బ్యాగు భుజాన వేసుకుని బస్సుకు పరుగెత్తింది కాబట్టి ఆ అంకె గుర్తుండిపోయింది.

జాబితాలో ఊరి పేరు రాలేదు. ఆ తర్వాత చిట్టియ్యను పెళ్లికి పిలిచినవాళ్లు లేరు. టీకొట్టులో ఆయన గ్లాసు విడిగా పెట్టలేదు గానీ, ఆయన కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. శ్రీదుర్గ బస్సు దిగితే, "మీ నాన్న అంగలు మా చెడ్డ పొడుగమ్మా," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ కోపమంతా తెచ్చి ఆయన మీదే పోసింది.

"పది అంగలు జరిగితే ఏం పోయేది నాన్నా? పన్నెండున్నర కిలోలు ఊరంతా చూసింది. ఎవరు మెచ్చుకోవాలని ఇదంతా?"

"అది పచ్చిదమ్మా. ఆరాక..." అని ఏదో చెప్పబోయాడు.

"ఇంక చాలు నాన్నా," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆరాక ఎంతొచ్చిందో ఆమె ఆ రోజు అడగలేదు. తర్వాతా అడగలేదు. గీత ఎంతో ఆయనకు చెప్పనూ లేదు. ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదు.

పాడె మోయడానికి అప్పాయమ్మ పుట్టింటివాళ్లు పాలకొల్లు నుంచి రావలసి వచ్చింది. ఊళ్లోవాళ్లు అరుగుల మీద నిలబడి చూశారు. భీమరాజు ధాన్యం ఆ రోజు కూడా రోడ్డు మీదే ఉంది. పాడెను దాని పక్కనుంచి తిప్పి తీసుకెళ్లారు.

పెద్దకర్మ అయ్యాక శ్రీదుర్గ ఆయన ట్రంకుపెట్టె తెరిచింది. చుట్ట చుట్టిన తాడు, నాలుగు మేకులు, వాటి కింద ప్లాస్టిక్ కవర్లో మండలాఫీసు ఇచ్చిన రెండేళ్ల కిందటి రసీదు. ముట్టినట్టు ముద్ర మంగళవారం నాటిది, గడువు దాటిన మూడో రోజు. ఊరి పేరు పక్కన కోడు, చివర నాలుగు వందల ఏడు. దాని కింద చిట్టియ్య గుండ్రటి దస్తూరీ: ఆరిన బరువు, ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు.