అల్లుడి లైసెన్సు, నా నౌకర్నామా

2024 ఫిబ్రవరి 6, మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఆబ్కారీ మేడం మా కల్లు దుకాణం ముందు జీపు దిగింది. మంథని నుంచి మా ఊరు తొమ్మిది కిలోమీటర్లు. మా ఆయన పోయి అప్పటికి ఇరవై ఎనిమిది రోజులు. మరిది తన చెట్ల కల్లు తెచ్చి ఇస్తే ఆ రోజే దుకాణం మళ్లీ తెరిచాను.

మేడం ముందుగా సీసాలో కల్లు పట్టి, మూత మీద సీలు వేయించింది. దాని గురించి నాకు భయం లేదు. మా కల్లులో మందు కాదు గదా, నీళ్లు కూడా కలపలేదు ఏనాడూ. తర్వాత ఆమె గోడ మీది లైసెన్సు చదివింది.

"ఈయన ఏడి?" అని అడిగింది.

"గా పక్కకే ఉన్నడు మేడం" అన్నాను. లైసెన్సు పక్క మేకుకు మా ఆయన ఫొటో, దండతో సహా వేలాడుతోంది.

ఆమె ఫొటో వైపు చూసింది. చిన్న పిల్ల, నా మనవరాలి కంటే ఎనిమిదేళ్లు పెద్దదేమో. "అమ్మా, లైసెన్సు ఉన్న మనిషి లేకపోతే లైసెన్సు లేనట్టే. పోనీ, ఆయన చెట్లకు పోయినప్పుడు దుకాణంల పోసింది నువ్వే గదా? నీ నౌకర్నామా ఏది?"

నేను ఆ మాట వినడం అదే మొదలు. లైసెన్సు ఒకరి పేరు మీద ఉండి, కల్లు పోసేది ఇంకొకరైతే, ఆ రెండో మనిషికి ఆబ్కారీ ఆఫీసు ఇచ్చే కాగితాన్ని నౌకర్నామా అంటారట. ఇరవై తొమ్మిదేళ్లు నేను ఆ పీట మీద కూర్చున్నాను. ఇరవై ఒక్క ఏళ్లు నిండని వాడికి పోయలేదు. పండక్కి పోలీసులు మూయమంటే అరగంట ముందే మూశాను. ఆయన లైసెన్సు రెన్యువల్ తేదీ ఒక్కసారీ దాటనివ్వలేదు. నా కాగితం మాత్రం లేనే లేదు.

మేడం కేసు రాయలేదు. మూయమని చెప్పి పోయింది. చేతిలో గ్లాసులున్న ముగ్గురిని తాగనిచ్చి, పదకొండు ముప్పై ఐదుకు తలుపు వేశాను. మిగిలిన పద్నాలుగు లీటర్లు పెంట మీద పారబోశాను.

"అక్కా, తలుపు ఎన్కనుంచి పొయ్యరాదు? ఎవలడుగుతరు?" అన్నాడు ఆ ముగ్గురిలో పెద్దాయన.

"నేనే అడుగుతనే" అన్నాను.

చెట్లు, దుకాణం మా ఆయన పేరు మీదివి. ఇంట్లో ఇంకొకరు గీత లైసెన్సు తీసుకోకపోతే అవి వేరేవాళ్లకు పోతాయి. నాకు కొడుకులు లేరు. ఒక్కతే బిడ్డ. ఆమె భర్త, అంటే నా అల్లుడు, మామ చావుకని మస్కట్ నుంచి వచ్చి ఉన్నాడు. అక్కడ పెద్ద పెద్ద భవనాలకు రంగులు వేస్తాడు. మార్చి 18న తిరుగు టికెట్.

ఆ రాత్రి అన్నం తింటూ అల్లుడే అన్నాడు. "అత్తమ్మా, నేనెక్కుత. ఇరవై రెండేండ్లు వచ్చేదాన్క ఎక్కినోన్నే గదా."

నా బిడ్డ గిన్నె కింద పెట్టింది. "పెండ్లయి పదిహేడేండ్లాయె. కలిసి ఉన్నది లెక్కపెడితే ఇరవై ఆరు నెలలు. ఎక్కుతనంటే నిజంగ ఎక్కాలె. నాకు ఆశ పెట్టి మల్ల పోవద్దు."

ఆ లెక్క నేనెప్పుడూ వేయలేదు. ఆమె మనసులోనే వేసుకుంది. మరునాడు నేనూ వేసి చూస్తే సరిగ్గానే ఉంది.

గీత లైసెన్సు ఊరికే ఇవ్వరు. ఆబ్కారీ వాళ్ల కళ్ల ముందు తాడిచెట్టు ఎక్కి, గెల గీసి, దిగి చూపించాలి. మార్చి 14, గురువారం అని తేదీ ఇచ్చారు. పాసైతే అల్లుడు ఇక్కడే ఉంటాడు. లేకపోతే నాలుగో రోజున విమానం.

దుకాణం వెనక తాడికి ఐదైదు మూరలకు ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టించాను. ఫిబ్రవరి 9 నుంచి సాధన. నేను కింద కుర్చీ వేసుకుని రోజూ రాశాను. మొదటి రోజు ఐదు మూరలు. రెండో రోజూ ఐదే. మూడో రోజు ఏడు. చూడటానికి వచ్చినవాళ్లు ఊరుకోలేదు.

"మస్కట్ల లిఫ్టుల ఎక్కినోడు, తాడిచెట్టు ఎట్లెక్కుతడే?"

"జర ఆగుండ్రి. చెట్టుకు రంగేసి దిగుతడు."

అల్లుడు నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. కాళ్లకు గుజి, అంటే పాదాలు జారకుండా వేసే బంధం, సరిగ్గా వేసుకున్నాడు, పాదం సరిగ్గా పెడుతున్నాడు, అయినా ఏడు మూరల దగ్గర ఎందుకు ఆగిపోతున్నాడో అర్థం కాలేదు. బద్ధకం అనుకున్నాను. అన్నాను కూడా.

తొమ్మిదో రోజు, ఫిబ్రవరి 17న, పది మూరల పైనుంచి చెట్టును కరుచుకునే జారాడు. ఎముకలకు ఏమీ కాలేదు. రొమ్ము నుంచి బొడ్డు దాకా తోలు లేచిపోయింది.

నా బిడ్డ పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తూ నా వైపు చూడకుండానే అడిగింది. "అవ్వా, గీ మోకు ఎవలిది?"

మోకు అంటే చెట్టునూ నడుమునూ చుట్టి ఉండే తాడు. ఎక్కేవాడు దాని మీదే వెనక్కి ఆనుకుని పైకి పోవాలి. అది మా ఆయనది. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా మనిషిని వదలని మోకు. అందుకే అల్లుడికి ఇచ్చాను, అదే వేసుకోవాలని పట్టుబట్టాను.

"బాపు నడుము ఎంత, ఈయన నడుము ఎంత? మోకు ఎవలిది వాళ్లకే పేనుతరని ఊరంత ఎరుకే. గిన్ని లెక్కలు రాస్తివి, గదొక్కటి కొల్వకపోతివి?"

టేపు తెచ్చి కొలిచాను. మా ఆయన ప్యాంటు ముప్పై ఒకటి. అల్లుడి నడుము ముప్పై ఎనిమిది. మోకు పొట్టిదై మనిషిని చెట్టుకు లాగేస్తోంది, ఆనుకోనివ్వడం లేదు. తొమ్మిది రోజులుగా అల్లుడికి ఆ సంగతి తెలుసు.

"మరి నోరెందుకు తెరవలేదు?" అన్నాను.

"మామ మోకు ఇస్తివి గదా అత్తమ్మా. వద్దని ఎట్లంట?"

ఆ రోజు పుస్తకంలో 'పది మూరలు, జారాడు' అని రాసి, కింద 'తప్పు నాది' అని రాశాను.

మరిది ఐదు రోజులు కూర్చుని కొత్త మోకు పేనాడు. అల్లుడిని పక్కన నిలబెట్టుకుని, వెనక్కి వంగమని, పక్కకు తిరగమని, కుట్టుమిషన్ దగ్గర చొక్కా కొలిచినట్టు కొలిచి పేనాడు. ఫిబ్రవరి 22న పన్నెండు మూరలు. 26న పద్దెనిమిది. మార్చి 3, ఆదివారం, ఇరవై ఎనిమిది, అంటే కొస దాకా. ఆ రోజు లిఫ్టు అన్నవాడే ముందుగా చప్పట్లు కొట్టాడు.

చెట్టు ఎక్కడం ఒక్కటే చాలదని సాయంత్రాలు రూల్సు చెప్పాను. లైసెన్సు కనబడేటట్టు తగిలించాలి. మూసే గంట దాటి పోయకూడదు. కల్లులో ఏదీ కలపకూడదు. తాగి తూలేవాడికి మళ్లీ పోయకూడదు. రంగుల పని చేసిన చేయి కదా, అన్నీ గోడకు పెద్ద అక్షరాలతో రాసి నేర్చుకున్నాడు. ఆ గోడ ఇప్పటికీ అలాగే ఉంది.

మార్చి 14న మేడం పది గంటల ఐదు నిమిషాలకు వచ్చింది. మేము సాధన చేసిన చెట్టును చూసింది, ఎర్ర పీలికలు చూసింది, గోదారి ఒడ్డు పక్కనున్న వేరే చెట్టును చూపించింది. నా బిడ్డ కొంగు నోట్లో పెట్టుకుంది.

అల్లుడు ఎక్కడానికి మూడు నిమిషాలు పట్టింది. పైన కత్తి చప్పుడు వినబడింది. తర్వాత ఆగింది. ఒక నిమిషం, రెండు, నాలుగు. మనిషి కదలడు. మేడం వెంట వచ్చిన కానిస్టేబుల్ కిందనుంచి రెండుసార్లు కేక వేశాడు. నేను గడియారం చూడటం మానేసి చెట్టునే చూశాను. అలా మానేసింది నాకు గుర్తున్నంతవరకు ఆ ఒక్కసారే.

చివరికి దిగాడు. "ఏమైందయ్యా, కండ్లు తిరిగినయా?" అని మేడం అడిగింది.

"లే మేడం. పైనుంచి గోదారి మొత్తం కనవడ్డది. పదహారేండ్లాయె గట్ల చూడక. జర నిలవడ్డ."

ఆమె నవ్వు ఆపుకుంటూ కాగితం మీద ఏదో రాసి అడిగింది. "సరే, కల్లు ఎవలకు పొయ్యొద్దు?"

"ఇరవై ఒక్కటి నిండనోళ్లకు. తూలేటోళ్లకు. మా అత్తమ్మ వద్దన్నోళ్లకు."

"మూడోది రూల్ల లేదు" అంది మేడం.

"మా ఇంట్ల ఉన్నది మేడం."

లైసెన్సు వచ్చింది. అయినా దుకాణం తెరవలేదు. పగలంతా అల్లుడు చెట్ల మీద ఉంటాడు, పోయాల్సింది నేను. నౌకర్నామా కోసం దరఖాస్తు పెట్టాం. అందులో లైసెన్సుదారు పేరు దగ్గర అల్లుడి పేరు, నౌకరు పేరు దగ్గర నా పేరు, పక్కన నా ఫొటో. సంతకం పెట్టమంటే అల్లుడు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

"అత్తమ్మా, నిన్ను నౌకరని రాసి నేను దస్కత్ చేసుడేంది? పాపం తాకుతది."

"కాయితం లేకుంట ఇరవై తొమ్మిదేండ్లు చేసిన. గది పాపం. పెట్టు" అన్నాను. పెట్టాడు.

ఆఫీసు బయట మా ఊరి ఆమె ఒకతి ఎదురైంది. "ఏందక్కా, అల్లునికి నౌకరువైతివట?"

"అవునే. తప్పు చేస్తే నన్ను పనిలకెళ్లి తీసేస్తడట" అన్నాను. ఇద్దరం బస్టాండు దాకా నవ్వుకుంటూ నడిచాం.

2024 ఏప్రిల్ 2, మంగళవారం, తొమ్మిది గంటలకు దుకాణం తెరిచాను. గోడకు ఇప్పుడు మూడు వేలాడుతున్నాయి. అల్లుడి లైసెన్సు, నా నౌకర్నామా, మా ఆయన ఫొటో.

ఈ వ్యవహారంలో పోయినవి రాస్తున్నాను. మా ఆయనను ఇందులో వేయలేదు. ఆయన పోయింది జనవరి 9న, ఈ లెక్క మొదలైంది ఫిబ్రవరి 6న.

కల్లు, పద్నాలుగు లీటర్లు. దుకాణం మూసిన రోజులు, యాభై ఆరు. వేరే దుకాణానికి అలవాటు పడి తిరిగి రానివాళ్లు, ఇద్దరు. అల్లుడి రొమ్ము మీద తోలు, జానెడు. మళ్లీ వచ్చింది, రంగు మారింది. పాత మోకు ఒకటి. తెగలేదు, ఇక ఎవరికీ పనికిరాదు. వాడని విమాన టికెట్ ఒకటి. శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు మస్కట్ నుంచి వచ్చే ఫోను. పదహారేళ్లు వచ్చింది, ఇప్పుడు రాదు.