ఆయ్ అంటే అవునని కాదు

ఈ సంగతి జరిగినప్పుడే రాయవలసింది. కాని అప్పటికి నాకు పరీక్షల్లో జవాబులు రాయడమే వచ్చు, సొంత మాటలు రాయడం రాదు. అంతకుముందైతే అదీ లేదు. చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. పెళ్లయ్యాక మస్కట్‌లో ఒకరింట్లో వంట చేసినన్నాళ్లూ ఉప్పేదో పంచదారేదో నాలికతోనే చదువుకున్నాను. తిరిగొచ్చి, జుట్టు తెల్లబడ్డాక, మా కోడలు నాచేత అక్షరాలు దిద్దించింది. నిన్న మలికిపురంలో నెట్ సెంటర్ ముందు నుంచి వస్తుంటే, లోపల ఆ షాపాయన ఫోనులో ఎవరికో "ఆయ్... ఆయ్..." అంటున్నారు. నాకు నవ్వాగలేదు. ఆ మాట ఆయనకి నేర్పింది నేనే, కాస్త ఇబ్బంది పెట్టి మరీ.

అక్షరాలు వచ్చేక కోడలు నన్ను ఊరుకోనివ్వలేదు. ఓపెన్ స్కూల్లో పదికి కట్టించింది, తర్వాత ఇంటర్‌కి కట్టించింది. డిగ్రీ మాత్రం నా కోరికే. మా నాన్న నాటకాల్లో వేషాలు కట్టేవారు. ఆయన పద్యాలన్నీ నాకు నోటికొచ్చు, అర్థమే తెలియదు. చదవడం వచ్చేక ఒక పద్యం అర్థాలతో అచ్చువేసిన పుస్తకంలో చూసేను. ఇన్నేళ్లూ ఒకే మాటనుకుని ఒక్క ఊపిరిలో పాడింది, తీరా చూస్తే నాలుగు మాటలు. ఎదురింట్లో ఒక్కావిడే ఉందనుకుని రోజూ పలకరిస్తూ, ఒకనాడు నలుగురు అక్కచెల్లెళ్లు వరసగా బయటికొస్తే ఎలా ఉంటుందో అలా అయింది నాకు. తక్కినవన్నీ కూడా అలా విడదీసి చెప్పేవాళ్లు కావాలనిపించింది. తెలుగు తీసుకుని బీఏ చదవాలనుకున్నాను. ఇంట్లో ఉండి చదువుకునే యూనివర్సిటీ కాబట్టి దరఖాస్తు సరిగ్గా చేరితే సీటు వచ్చినట్టేనని కోడలు చెప్పింది.

దరఖాస్తుకి ఆఖరి రోజున కోడలు పెళ్లివారి జాకెట్లు కుట్టడంలో తలమునకలై ఉంది. నేనొక్కదాన్నే నెట్ సెంటర్‌కి వెళ్లేను. ఆ షాపాయనది అనంతపురం వైపు. మలికిపురం అమ్మాయిని చేసుకుని, అప్పుడే ఇక్కడికొచ్చి షాపు పెట్టేరు. నా కాగితాలు చూసి ఎంతో మర్యాదగా కుర్చీ వేసేరు.

"బీకాం పెడదామా అమ్మా? ఇప్పుడు అందరూ అదే తీసుకుంటాండారు," అన్నారు.

"ఆయ్," అన్నాను.

"ఇంగ్లీషు మీడియం అయితే విలువెక్కువ."

"ఆయ్."

"కంప్యూటర్ కూడా ఉండే గ్రూపు పెడదాం."

"ఆయ్."

మా వైపు ఆయ్ అంటే అవునని ఒక్కటే కాదు. వింటున్నామని, మీ మాట మీద మాకు గౌరవముందని, తర్వాత చూద్దామని. ఒక్కోసారి అస్సలు వినలేదని కూడా. ఆయన చెప్పడం పూర్తయ్యాక నా మాట చెబుదామని కూర్చున్నాను. ఈలోగా ఆయన మీట నొక్కడం, కాగితం బయటికి రావడం అయిపోయాయి. కాగితమంతా ఇంగ్లీషు. పని పూర్తయిందేమో, తెలుగు సంగతి ఆయనకి కోడలు ముందే చెప్పి ఉంటుందేమో అనుకుని, మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఇంటి ముందు మా ఆయన కొబ్బరికాయలు ఒలిపిస్తున్నారు. కోడలు కాగితం చూసి, "అత్తయ్యగారూ, మీరు బీకాంలో చేరుతున్నారేంటండీ, అదీ ఇంగ్లీషులో?" అంది. కాయలు ఒలిచేవాళ్లు నవ్వేరు. సాయంత్రం దాకా మార్చుకోవచ్చని కాగితం మీద ఉందట.

"మార్చడమెందుకు? ఉండనియ్యి. మూడేళ్లు పోతే కొబ్బరి లెక్కలకి నాకు జీతం లేని గుమాస్తా," అన్నారు మా ఆయన.

అలవాటైన మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఏమన్నా నేను ఆయ్ అనే అన్నాను. మస్కట్ వెళ్లమంటే ఆయ్, వచ్చేయమంటే ఆయ్. ఇప్పుడూ అనేస్తే మూడేళ్లూ జమాఖర్చులే. మా నాన్న పద్యాలు నాకు తెలియకుండానే పోతాయి.

"వద్దండి," అన్నాను.

ఒలుపు చప్పుడు ఆగిపోయింది. "ఏంటీ?" అన్నారాయన.

"బీకాం వద్దండి. నాకు తెలుగు కావాలి."

"ఆ ముక్కేదో అక్కడే చెప్పొచ్చు కదే."

"ఎక్కడా చెప్పి అలవాటు లేదండి. మొదట మీకే చెప్పేను."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. "అయితే బండెక్కు. నేనూ వస్తాను. ఒక్కదాన్నే పంపితే ఈసారి ఇంజినీరింగులో చేరొస్తావు."

షాపాయన మమ్మల్ని చూసి కంగారుపడ్డారు. "మీరే కదమ్మా ఆయ్ అంటిరి?"

"ఆయ్ అంటే అవునని కాదండి బాబూ," అన్నారు మా ఆయన.

"మరి, కాదనా?"

"కాదనీ కాదండి."

"ఇంకేందండీ దానికి అర్థం?"

"అది ఇక్కడ పుట్టినోళ్లకే తెలుస్తుందండి. మీకు కొన్నాళ్లు పడుతుంది."

పాపం ఆయన తల పట్టుకుని, మళ్లీ మొదట్నుంచీ ఒక్కొక్కటే అడిగేరు. అడిగిన ప్రతిసారీ మీట మీద వేలుంచి నా నోటివైపే చూసేరు. "బీఏ, తెలుగు. అవునా, కాదా? రెండిట్లో ఒకటే చెప్పాల."

"అవునండి," అన్నాను. అంత చిన్న మాటకి అంత ఊపిరి కావాలని అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున్న వంట చేసిపెట్టి, అమలాపురం బస్సెక్కేను. మాకు ఆదివారాలు పాఠాలు చెప్పే కాలేజీ అక్కడే. క్లాసులు మొదలవడానికి చాలా రోజులుందని తెలుసు, అయినా ఆ గది చూడాలనిపించింది. ఊడుస్తున్నావిడ నన్ను గుమ్మంలో ఆపి, "ఎవరి తాలూకండి? పిల్లలింకా రాలేదండి," అన్నారు.

"పిల్లల తాలూకా కాదండి. ఫస్టియర్ తాలూకా," అన్నాను.

ఆవిడ నన్ను కిందా మీదా చూసి, చీపురు పక్కన పెట్టి, లోపలికెళ్లి ఫేను వేసేరు. నేను రెండో వరసలో కూర్చున్నాను. ఎప్పుడో నాకు పదిహేడేళ్లప్పుడు కూర్చోవలసిన బెంచీ. కాలం నన్ను వదిలేసి ముందుకు వెళ్లిపోయిందనుకునేదాన్ని. వెళ్తే వెళ్లింది గాని, కూర్చోడానికి చోటు మాత్రం ఉంచే వెళ్లింది.